నల్లబడ్డ బండి ఱ

“నేనే మార్చాను. అక్షరాలన్నీ నేనే మార్చాను. ఇంకెవరికీ ఏ సంబంధమూ లేదు,” అంది ప్రెస్సు నడిపే ఆవిడ, వచ్చిన మనిషిని ఇంకా కూర్చోమనైనా అనకముందే.

ఆ వచ్చిన మనిషి, భూతద్దం, గడియారం చూసుకుంది. పదీ పన్నెండు. ఇరవై ఆరేళ్ళుగా డిటెక్టివ్ పని చేస్తోంది ఆమె. నేరం ఒప్పించడానికి మనుషుల్ని గంటలకొద్దీ కూర్చోబెట్టింది, బతిమాలింది, బెదిరించింది. గుమ్మంలోనే ఎదురొచ్చి నేరాన్ని చేతిలో పెట్టినవాళ్ళు మాత్రం ఇంతవరకూ తగల్లేదు. అంత తేలిగ్గా దొరికినదాన్ని ఆమె అసలు నమ్మదు. అందుకే కదా అసలు పేరు అందరూ మర్చిపోయి, భూతద్దం అన్న పేరే మిగిలిపోయింది!

“చూడు తల్లీ, మా తప్పేం లేదు, మీరొచ్చి తేల్చండి అని నిన్న ఫోన్ చేసింది నువ్వే. తెల్లారేసరికి తప్పు ఎక్కణ్ణుంచి పుట్టుకొచ్చింది?”

“నిన్న భయపడి అబద్ధం చెప్పాను.”

“ఇవాళ ఎవరి కోసం చెప్తున్నావు?”

ఆవిడ కుర్చీ జరిపి కూర్చోమంది.

సంగతి ఇదీ. చూపు తక్కువున్న పిల్లల బడి కోసం ఆ ప్రెస్సులో పెద్దక్షరాల పాఠాల పుస్తకం అచ్చయింది. పన్నెండు వందల కాపీలు, కుట్టు కూడా పూర్తయి, గోడవారగా నడుమెత్తున పేర్చి ఉన్నాయి. సోమవారం నుంచి పరీక్షలు. ఇవాళ శుక్రవారం. ముందుగా బడికి పంపిన నమూనా ఫైలు ఎలాగో ‘మేలిమి’ అనే ఫాంటు అమ్మే కంపెనీ కంట్లో పడింది. వెంటనే నోటీసు దిగింది. మీరు లైసెన్సు తీసుకుని మా అక్షరాలు వాడుతున్నారు, సంతోషం. కానీ ఫైలు విప్పి వాటిని మార్చేశారు, అది ఒప్పందానికి విరుద్ధం. మా పరిశోధకుడు వచ్చి చూసి అవునంటే సాయంత్రం నాలుగింటికి పుస్తకాలన్నిటికీ సీలు పడుతుంది అని దాని సారాంశం. సీలు పడిందా, ఆ పిల్లలు సోమవారం వట్టి చేతుల్తో పరీక్షకు కూర్చుంటారు.

“ఒప్పందం చదివావా?” అని అడిగింది భూతద్దం.

“ఎవరు చదువుతారండీ? కింద ‘ఒప్పుకుంటున్నాను’ అని ఉంటే నొక్కేశాను.”

“నేను చదివాను. పదకొండు పేజీలు. నువ్వు తీసుకున్నది అక్షరాల్ని కాదమ్మా, వాటిని వాడుకునే అనుమతిని. అద్దె ఇల్లు అనుకో. సామాను ఎలాగైనా సర్దుకోవచ్చు, గోడ పడగొట్టకూడదు. అక్షరాన్ని అరచేయంత చెయ్యి, ఎర్ర రంగు వెయ్యి, వాళ్ళు కిక్కురుమనరు. ఫైలు విప్పి ఒక్క ఒంపు సరిచేసినా తప్పే.”

“పిల్లల కోసమైనా?”

“పిల్లల కోసమైనా. పద, నువ్వు ఎలా మార్చావో నాకు చూపించు.”

మధ్యగదిలో కంప్యూటర్ ఉంది. పుస్తకాలు కంపోజు చేసేది ఆవిడే, దానిముందు కూర్చోవడం కొత్తేమీ కాదు. పేజీలు కూర్చే ప్రోగ్రాం చకచకా తెరిచింది. ఆ తర్వాత చెయ్యి ఆగిపోయింది. అక్షరాల ఆకారం మార్చే ప్రోగ్రాం ఆ కంప్యూటర్‌లో ఎక్కడుందో ఆవిడకు తెలియదు. తెర మీద బాణం ఆ మూల నుంచి ఈ మూలకు తిరిగి తిరిగి అలిసిపోయింది.

“లే తల్లీ, లే,” అని భూతద్దం తనే కూర్చుంది. ఆ ప్రోగ్రాం వెతికి తెరవగానే తెర మీద రాత నాలుగింతలు పెద్దదై కనిపించింది. చూపు బాగున్నవాళ్ళు ఎవరూ అలా పెట్టుకోరు. మార్చిన ఫైలును ఏడు రోజులు, రోజుకోసారి భద్రపరిచారు. ఒంటిగంటా యాభై రెండు, ఒంటిగంటా నలభై, ఒంటిగంటా నలభై ఏడు... ఏడూ ఒంటిగంటకూ రెంటికీ మధ్యే.

భూతద్దం లేచి వెళ్ళి తలుపు పక్కన మేకుకు వేలాడుతున్న బైండింగు పుస్తకం తీసింది. కుట్టడానికి పంపిన అచ్చు కాగితాలు, తెచ్చుకున్న కాపీలు అందులో రాస్తారు. ఆ ఏడు తేదీలూ వేలితో వెతికి పట్టుకుంది.

“ఈ ఏడు రోజులూ ఒంటిగంటకూ రెంటికీ మధ్య నువ్వు పక్కవీధిలో బైండరు దగ్గరున్నావు. సంతకం నీది, టైము బైండరు వేసింది. ఒక మనిషి ఒకేసారి రెండు చోట్ల ఉండే విద్య ఏదన్నా ఉంటే నాకూ నేర్పు, మా పనికి బాగా పనికొస్తుంది.”

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుపు మాత్రం ఆగలేదు.

“దాన్నెందుకమ్మా ఏడిపిస్తావు?” అన్నారెవరో వెనకనుంచి. మెషీను గది గుమ్మంలో, గోడ పట్టుకుని ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడు. ఆవిడ మామగారు. డెబ్బై ఆరేళ్ళు. “మార్చింది నేను.”

“మామయ్యగారూ, మీరు లోపలికెళ్ళండి! మీకేం తెలీదు!”

“నువ్వూరుకో అమ్మాయ్! నాకు తెలీకపోతే నీకు తెలుసా? ఆ ప్రోగ్రాం ఎక్కడుందో కూడా కనిపెట్టలేకపోయావు. అంతా వింటూనే ఉన్నాను.”

“ఈ వయసులో మిమ్మల్ని కోర్టుకి ఈడుస్తుంటే నేను చూస్తూ ఊరుకోవాలా? మీ అబ్బాయి ఊళ్ళో లేని టైములో?”

“అయితే నిన్ను ఈడుస్తుంటే నేను చూస్తూ ఊరుకుంటానా?”

నేరం నాదంటే నాదని మామా కోడళ్ళు అలా పోట్లాడుకుంటుంటే, భూతద్దానికి నవ్వొచ్చింది. వీళ్ళని వదిలిపెట్టి ఇంటికి వెళ్ళడం తన వల్ల కాదని ఆమెకు అప్పుడే తెలిసిపోయింది.

పెద్దాయన జీవితమంతా అక్షరాలు గీసిన మనిషి. మొదట బోర్డుల మీద కుంచెతో, తర్వాత కంప్యూటర్‌లో. ఇప్పుడు దగ్గరగా పట్టుకుంటే తప్ప ఏదీ ఆనదు. “మేలిమి అక్షరాలు చూడ్డానికి బాగానే ఉంటాయమ్మా. చూపు ఆననివాళ్ళకి మాత్రం వత్తులన్నీ ఒకదాన్నొకటి అంటుకుపోతాయి. నాకే అంటుకుపోయాయంటే ఆ పసివాళ్ళ గతేమిటి? అందుకని గీతలు లావు చేసి, వత్తుల్ని కాస్త విప్పదీశాను.”

“ఏ ఫైలు విప్పారు బాబాయిగారూ?”

ఆయన తల దించుకున్నాడు.

అప్పుడే బయట కారు ఆగింది. పన్నెండూ అయిదు. కంపెనీ పరిశోధకుడు లాప్‌టాప్ సంచీ భుజాన వేసుకుని, మీసం దువ్వుకుంటూ లోపలికొచ్చి, ఎదురుగా ఉన్న మనిషిని చూసి కొయ్యబారిపోయాడు.

“అక్కా! నువ్విక్కడేంటి?”

“నువ్వు చేసే పనే, అటువైపు నుంచి. తిన్నావా?”

“తిన్నాను... అదిసరే, పొద్దున ఫోన్లో ఒక్క మాటైనా చెప్పలేదే!”

“నువ్వు చెప్పావా చిన్నోడా?”

నలభై నాలుగేళ్ళొచ్చినా అతను ఆమెకు చిన్నోడే. అమ్మ పోయేనాటికి వాడికి ఆరేళ్ళు, ఆమెకు పద్ధెనిమిది. అన్నం పెట్టిందీ, చదివించిందీ, తర్వాత తన పక్కన తిప్పుకుంటూ పని నేర్పిందీ ఆమే. నాలుగేళ్ళ కిందట వాడు కంపెనీ ఉద్యోగంలో చేరతానంటే, వెళ్ళిరా అని నవ్వుతూ పంపించి, వారం రోజులు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు.

చిన్నోడు పనిలో చురుకు. కంప్యూటర్ ముందు కూర్చుని ఎనిమిదంటే ఎనిమిది నిమిషాల్లో తేల్చేశాడు. “ఫైలు పేరు మేలిమి. అక్షరాల రూపం మేలిమి కాదు. అంటే మార్చారనే కదా? పైగా పెద్దాయనే ఒప్పుకుంటున్నాడు. ఇంకా తేల్చడానికి ఏముందక్కా?”

“అంత తొందరైతే ఎలారా? నువ్వు చూసింది రెండే సంగతులు.”

“ఆ రెండూ చాలు. పదకొండింటికే కోర్టులో ప్రమాణపత్రం ఇచ్చేశాను. మేలిమిని మా కంపెనీలోనే మొదటి గీత నుంచి గీశారు, ఇంకెవరిదీ చూసి చేసింది కాదు, నేను అక్షరం అక్షరం పోల్చి చూశాను అని. ఇప్పుడిక్కడ మార్చారని రాసిచ్చేస్తే నా పని అయిపోయినట్టే.”

“నా పని ఇంకా మొదలవలేదు. అమ్మాయ్, ఈ పుస్తకం మొదటి ప్రూఫు ఉందా? అక్షరాలు మారకముందుది?”

ఆవిడ కట్ట తెచ్చింది. కింద దీపం వెలిగే గాజుబల్ల ఒకటి ప్రతి ప్రెస్సులోనూ ఉంటుంది. భూతద్దం దాని మీద పాత ప్రూఫులో నూట పద్నాలుగో పేజీ పరిచి, పైన అచ్చయిన అదే పేజీ పెట్టి అంచులు కలిపింది. ఇరవై రెండు లైన్లు. ప్రతి లైనూ పాత పేజీలో ఎక్కడ విరిగిందో కొత్త పేజీలోనూ అక్కడే విరిగింది.

“ఫాంటు మారాక ఎన్ని పేజీలు సరిచేసుకోవాల్సి వచ్చింది?”

“ఒక్కటీ లేదండీ,” అంది ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ. “రెండు వందల నలభై పేజీల్లో ఒక్క లైను కదల్లేదు. మామూలుగా ఫాంటు మారిస్తే మాకు వారం పని. లైన్లన్నీ కిందికీ మీదికీ జారిపోతాయి.”

“ఎందుకు కదులుతుంది?” అన్నాడు చిన్నోడు, గెలిచినట్టు. “మా ఫైలే విప్పి లావు చేశారు గనక అక్షరాల వెడల్పు అలాగే ఉంది. నా కేసు నువ్వే బలపరుస్తున్నావక్కా.”

“అవునా? బాబాయిగారూ, ఇందాక అడిగింది మళ్ళీ అడుగుతున్నాను. కోడలి మీద ప్రేమ ఉంటే ఇప్పుడైనా నోరు విప్పండి. ఏ ఫైలు?”

పెద్దాయన కూర్చున్నాడు.

“నాదేనమ్మా. చిట్టి.”

“చిట్టి ఎవరు?”

“మా ఆవిణ్ణి నేను అలా పిలిచేవాణ్ణి. మూడేళ్ళు కూర్చుని అక్షరాలు గీసి, వాటికి ఆవిడ పేరు పెట్టాను. అందరూ వాడుకోండని ఊరికే ఇచ్చేశాను. ఈ పుస్తకం మొత్తం మేలిమిలో కూర్చేసింది మా కోడలు. పేజీలన్నీ మేలిమి అన్న పేరుగల ఫైలునే అడుగుతాయి. చిట్టి అని ఇస్తే తీసుకోవు, అక్షరాల బదులు డబ్బాలు చూపిస్తాయి. అందుకని చిట్టిని బాగుచేసి, పైన మేలిమి అని పేరు పెట్టేశాను. అక్షరాలైతే నావే కానీ, మా ఆవిడ పేరు నా చేత్తోనే చెరిపేశాను. కోడలికి ఏమని చెప్పను చెప్పు?”

“అయ్యో మామయ్యగారూ!” అని ఆవిడ ఆయన పక్కనే నేల మీద కూలబడింది. “నేనింకా మీరు వాళ్ళ ఫైలు మార్చారని హడలి చచ్చాను కదండీ!”

“వాళ్ళదాన్ని ముట్టుకోకూడదని నాకు తెలీదా అమ్మాయ్? నేను గీసేవాణ్ణి.”

“కథ బాగుంది,” అన్నాడు చిన్నోడు. గొంతులో మునుపటి ధీమా కొంచెం తగ్గింది. “రుజువేదీ?”

పెద్దాయన బీరువా అడుగునుంచి సీడీ ఒకటి తెప్పించాడు. ఒకసారి రాస్తే మళ్ళీ దిద్దడానికి వీల్లేని రకం. తేదీ ఇరవై రెండేళ్ళ కిందటిది. మేలిమి పుట్టింది తొమ్మిదేళ్ళ కిందటని కంపెనీ కాగితాలే చెప్తున్నాయి. సీడీలో ఫాంటుతో పాటు చిన్న అనుమతిపత్రం కూడా ఉంది. భూతద్దం దాన్ని పైకే చదివింది. ఈ అక్షరాలను ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. మార్చినవాళ్ళు చిట్టి అన్న పేరు వాడకూడదు, వేరే పేరు పెట్టుకోవాలి. మార్చినదాన్ని కూడా ఇదే స్వేచ్ఛతో అందరికీ ఇవ్వాలి, తాళం వేసి అమ్ముకోకూడదు. గీసినవాడి పేరు లోపల ఉంచాలి.

“ఇప్పుడు నీ లాప్‌టాప్ తియ్యి. కంపెనీ అసలు మేలిమి అందులో ఉందిగా? అక్షరాల వెడల్పులు చదువు. నేను చిట్టివి చదువుతాను. అ?”

“వెయ్యి నూట నలభై రెండు.”

“ఇక్కడా అంతే. క్ష?”

“పదమూడు వందల తొమ్మిది.”

“ఇక్కడా అంతే. ఘ?”

అరవై అక్షరాల దాకా చదివారు. ఒక్కటంటే ఒక్కటి తేడా రాలేదు. చిన్నోడి నుదుటి మీద చెమట పట్టింది.

“కంపెనీ ఈయన దగ్గర హక్కులు కొనుక్కుని ఉండొచ్చు.”

“నేనెవరికీ అమ్మలేదు బాబూ.”

“అదీగాక, కొనుక్కుంటే మొదటి గీత నుంచి మేమే గీశామని నువ్వెందుకు ప్రమాణం చేశావురా?” అంది భూతద్దం.

“కొలతలు కలిసినంత మాత్రాన... యాదృచ్ఛికంగా...”

“అరవైకి అరవైయ్యా? నా చెవిలో పువ్వు పెట్టకు.”

పెద్దాయన మెల్లగా ముందుకు వంగాడు. “బాబూ, నీ మేలిమిలో బండి ఱ ఒకటి కొట్టు. తెరంతా నిండేలా పెద్దది చెయ్యి.”

“అదెందుకండీ? ఈ రోజుల్లో ఎవరు వాడతారు దాన్ని?”

“ఎవరూ వాడరు. అందుకే కొట్టమంటున్నాను.”

చిన్నోడు కొట్టాడు. తెర నిండా బండి ఱ వచ్చింది. దాని కడుపులో తెల్లగా ఉండాల్సిన గుండ్రం నిండా నల్లగా ఉంది.

“బయటి గీతని ఒక దిక్కుకు తిప్పితే లోపలి గుండ్రాన్ని ఎదురు దిక్కుకు తిప్పాలి. లేకపోతే కంప్యూటర్ దాన్ని ఖాళీ అనుకోదు, నల్లగా పూసేస్తుంది. ఆ రోజు మా ఆవిడ అన్నం చల్లారిపోతోందని మూడుసార్లు పిలిచింది. నాలుగోసారి పిలిస్తే కొంప మునుగుతుందని, గుండ్రం తిప్పకుండానే లేచిపోయాను. తప్పు తెలిసేసరికి ఫాంటు ఊరూరా తిరుగుతోంది. బండి ఱని ఎవరు చూడొచ్చార్లే అని వదిలేశాను.”

భూతద్దం సీడీలోని బండి ఱని పక్కనే తెరిచింది. అదే నలుపు, అదే చోట.

“వేరే పేరు పెట్టమన్నారు, కంపెనీవాళ్ళు బుద్ధిగా పెట్టారు. మిగతా రెండు షరతుల్నీ నీళ్ళు తాగకుండా మింగేశారు,” అంది ఆమె. “బాబాయిగారూ, మేలిమి అన్న పేరు మీరు వాడటం కూడా తప్పే, అది ఇవాళే మార్చెయ్యండి. కానీ ఫైలు విప్పిన తప్పు ఈ ఇంట్లో జరగలేదు. జరిగింది అక్కడ.”

కోడలు ఆనందంతో మామగారి చెయ్యి పట్టుకుని ఊపేసింది. భూతద్దం మాత్రం తమ్ముడినే చూస్తోంది. వాడు తెర మీంచి కళ్ళు తిప్పడం లేదు.

“చిన్నోడా,” అంది నెమ్మదిగా. “అక్షరం అక్షరం పోల్చి చూశానని రాశావు. బండి ఱ కనిపించలేదా?”

“చూడలేదక్కా.”

“బండి ఱా?”

“ఏదీ చూడలేదు. మేము చూసేశాం, సంతకం పెట్టు అన్నారు. కాగితం ముందే టైపు చేసి ఉంది. పెట్టేశాను.”

భూతద్దం సీడీ బయటికి తీసింది. కళ్ళతో చూడనిదానికి సంతకం పెట్టొద్దని వాడికి ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. ఈ సీడీ నాలుగింటిలోగా కోర్టుకు చేరితే పుస్తకాలు బయటపడతాయి. దానితోపాటే, చూశానని ప్రమాణం చేసిన మనిషి అబద్ధమాడాడనీ బయటపడుతుంది. పరిశోధకుడి లైసెన్సు పోతుంది. జైలు కూడా ఉండొచ్చు. వాడికి ఇద్దరు చిన్నపిల్లలు.

“ఒక పని చేద్దాం,” అందామె గొంతు తగ్గించి. “నువ్వు పోల్చావు, బండి ఱ ఒక్కటే కళ్ళు కప్పిందని చెప్పు. మిగతాది నేను చూసుకుంటాను. నువ్వు చూడలేదని నాకు తప్ప ఎవరికి...”

“అక్కా! నువ్వేనా ఈ మాటంటున్నది?”

ఇరవై ఆరేళ్ళలో ఎవరి కోసమూ రిపోర్టులో ఒక్క టైము కూడా దిద్దని మనిషి, ఇప్పుడు తమ్ముడి కోసం అబద్ధాన్ని వెతుకుతోంది.

చిన్నోడు కుర్చీ లాక్కుని ఆమెకు ఎదురుగా కూర్చున్నాడు. బల్ల మీద వాడి ఫోను మోగింది. కంపెనీ మేనేజరు. వాడు దాన్ని బోర్లా తిప్పి పెట్టాడు. అది ఆగింది, మళ్ళీ మోగింది.

“నా వాంగ్మూలం రాసుకో. సీడీతో పాటు అదీ వెళ్ళాలి. ఉత్త సీడీ ఇస్తే వాళ్ళ వకీలు రెండు వారాలు సాగదీస్తాడు, ఈలోగా పిల్లల పరీక్షలైపోతాయి.”

“వేరే ఎవరినైనా పిలుస్తాను. నా వల్ల కాదురా.”

“ఇంకెవరన్నా అడిగితే ఏదో సర్ది చెప్పేస్తానక్కా, నాకు తెలుసు. నువ్వడిగితే చెప్పలేను.”

రెండూ పది. ప్రెస్సావిడ తెల్లకాగితాలు తెచ్చి బల్ల మీద పెట్టి, మామగారిని తీసుకుని లోపలిగదిలోకి వెళ్ళిపోయింది. భూతద్దం కలం తీసింది. సాక్షి పేరు రాసింది. దాని కింద సాక్షి తండ్రి పేరు రాయాలి. అడగకుండానే రాసేసింది. వయసు కూడా అడగలేదు. ఆ తర్వాత రాయాల్సినవి మాత్రం అడిగి తీరాల్సినవే. పద్ధతి ప్రకారం, ఆ మనిషి ఎవరో తనకు తెలియనట్టే అడగాలి.

“మీరు ఇవాళ ఉదయం,” అంది భూతద్దం. కలం సరిగ్గా పట్టుకుని మళ్ళీ మొదలుపెట్టింది. “మీరు ఇవాళ ఉదయం ప్రమాణపత్రం మీద సంతకం చేసేముందు, ఆ అక్షరాలను స్వయంగా పోల్చి చూశారా?”

పుట్టి బుద్ధెరిగాక అక్క తనను మీరు అనడం చిన్నోడు వినడం అదే మొదటిసారి.

“లేదండీ,” అన్నాడు.